దారి కనిపెట్టి అమ్ముకోని శాస్త్రవేత్త సెసార్ మిల్‌స్టీన్

మన గోడ పత్రికలో ప్రతి నెలా ఒక మహనీయుల జీవితం రాస్తాం కదా. ఈ నెల నా వంతు వచ్చింది. గాంధీ గారి గురించి, అల్లూరి గురించి, కొమురం భీం గురించి అక్కలు ముందే రాసేశారు. అందుకని మనలో చాలామంది పేరు కూడా వినని ఒకాయన గురించి రాస్తున్నాను. కొంచెం పెద్దగా ఉంటుంది. విసుక్కోకుండా చివరి దాకా చదవండి.

వానాకాలం మన హాస్టల్లో జ్వరాలు వస్తాయి కదా. అప్పుడు ఆశా అక్క వచ్చి వేలు మీద సూదితో పొడిచి, ఒక రక్తం చుక్క తీసి చిన్న కార్డు మీద వేస్తుంది. పావుగంట అయినాక కార్డు మీద ఎర్ర గీతలు వస్తాయి. ఒక్క గీత వస్తే మలేరియా లేదు. రెండో గీత కూడా వస్తే మలేరియా ఉంది, మాత్రలు వేసుకోవాలి. ఆ గీత ఎట్లా వస్తుందని మనం ఎప్పుడైనా అడిగామా? నేనూ అడగలేదు. పోయినేడు మా సైన్సు మేడమ్ చెప్పారు. ఆ కార్డు లోపల యాంటీబాడీలు అనేవి పూసి ఉంటాయంట. అవి మలేరియా పురుగు వదిలిన పదార్థాన్ని పట్టుకుంటేనే ఆ గీత పడుతుందంట. అట్లాంటి యాంటీబాడీలను ఒకే రకంగా, ఎన్ని కావాలంటే అన్ని తయారు చేసే దారిని కనిపెట్టిన ఇద్దరిలో ఒకరు సెసార్ మిల్‌స్టీన్.

బాల్యం

మిల్‌స్టీన్ 1927 అక్టోబర్ 8న దక్షిణ అమెరికాలోని అర్జెంటీనా దేశంలో బాహియా బ్లాంకా అనే ఊరిలో పుట్టాడు. వాళ్ళు యూదులు. తండ్రి వేరే దేశం నుంచి బతకడానికి వలస వచ్చినవాడు. 15 ఏళ్ళ వయసుకే ఆయనకు తోడు ఎవరూ లేక తన బతుకు తానే చూసుకోవలసి వచ్చింది. తల్లి కూడా బీద వలస కుటుంబంలో పుట్టిందే, కానీ చదువుకొని టీచరు అయింది. వాళ్ళకు ముగ్గురు కొడుకులు. మన సెసార్ నడిపివాడు. ఏం అమ్ముకున్నా, ఏం మానుకున్నా సరే ముగ్గురూ యూనివర్సిటీ దాకా చదవాల్సిందే అని ఆ తల్లిదండ్రులు పట్టుబట్టారు.

చిన్నప్పుడు ఒకసారి వాళ్ళింటికి దగ్గరి బంధువు ఒకరు వచ్చారు. ఆ బంధువు రాజధాని బ్యూనస్ ఐరిస్ లోని మల్‌బ్రాన్ ఇన్‌స్టిట్యూట్ అనే పెద్ద సంస్థలో పని చేసేవారు. అక్కడ పాముల కోరల నుంచి విషం తీసి, పాము కాటుకు మందు తయారు చేస్తారని ఆ పిల్లవాడికి చెప్పారు. మన దగ్గర కూడా పాము కాటు మందు అట్లాగే వస్తుంది. పాము విషాన్ని కొంచెం కొంచెంగా గుర్రానికి ఎక్కిస్తారు. గుర్రం చావదు. దాని ఒంట్లో ఆ విషాన్ని పట్టుకునే యాంటీబాడీలు పుడతాయి. ఆ రక్తంలో నుంచి మందు తీస్తారు. ఈ కథ విని ఆ పిల్లవాడికి నిద్ర పట్టి ఉండదు అని నేను అనుకుంటున్నాను. తర్వాత సూక్ష్మజీవులను వేటాడిన శాస్త్రవేత్తల గురించి ఒక పుస్తకం కూడా చదివాడు. అప్పటి నుంచే సైన్సు మీద మనసు పడింది.

చదువు, పెళ్ళి

ఇక్కడ నాకు బాగా నచ్చిన సంగతి ఒకటి ఉంది. మిల్‌స్టీన్ క్లాసు ఫస్టు విద్యార్థి కాదు. తాను అంత తెలివైన విద్యార్థిని కానని ఆయనే తర్వాత ఒప్పుకున్నాడు. బ్యూనస్ ఐరిస్ యూనివర్సిటీలో చదివేటప్పుడు విద్యార్థి సంఘం పనుల్లో బాగా తిరిగేవాడు. అక్కడే సీలియా అనే తోటి విద్యార్థిని పరిచయం అయింది. 1953లో ఇద్దరూ పెళ్ళి చేసుకున్నారు. ఒక ఏడాదంతా యూరప్ దేశాలు చూసి వచ్చారు. టికెట్లకు డబ్బులు లేవు కాబట్టి దారిలో పోయే బండ్లను ఆపి ఎక్కి తిరిగారు.

వెనక్కి వచ్చి డాక్టరేట్ మొదలుపెట్టాడు. డాక్టరేట్ అంటే సూది మందు ఇచ్చే డాక్టరు కాదు, పరిశోధన చేసి తీసుకునే పెద్ద చదువు. ఆ చదువుకు ఆయనకు స్కాలర్‌షిప్ ఏమీ రాలేదు. అందుకని భార్యాభర్తలు ఇద్దరూ రోగుల రక్తాలు పరీక్షించే పని సగం పూట చేసుకుంటూ, ఆ డబ్బులతో ఇల్లు గడుపుకున్నారు. 1957లో డాక్టరేట్ పూర్తయింది. తర్వాత ఇంగ్లాండు వాళ్ళ స్కాలర్‌షిప్ వచ్చి కేంబ్రిడ్జికి పోయాడు. అక్కడ 1960లో ఇంకో డాక్టరేట్ తీసుకున్నాడు. రెండు సార్లు నోబెల్ బహుమతి తీసుకున్న ఫ్రెడ్ సాంగర్ దగ్గర పని నేర్చుకున్నాడు.

దేశం విడిచిన రోజులు

1961లో మిల్‌స్టీన్ సొంత దేశానికి తిరిగి వచ్చేశాడు. చిన్నప్పుడు పాముల కథ విన్న ఆ మల్‌బ్రాన్ ఇన్‌స్టిట్యూట్ లోనే ఒక విభాగానికి పెద్దగా చేరాడు. ఇక అక్కడే ఉండిపోదామని అనుకున్నాడు. కానీ 1962లో అర్జెంటీనాలో సైన్యం ప్రభుత్వాన్ని పడగొట్టింది. స్వేచ్ఛగా ఆలోచించే శాస్త్రవేత్తల మీద పగ పట్టారు. ఆ సంస్థ డైరెక్టరును తీసేశారు. మిల్‌స్టీన్ దగ్గర పని చేసేవాళ్ళను కూడా తీసేశారు. మిల్‌స్టీన్ తన కుర్చీని కాపాడుకొని నోరు మూసుకొని ఉండొచ్చు. కానీ అట్లా ఉండలేదు. రాజీనామా ఇచ్చి, 1963లో భార్యతో మళ్ళీ కేంబ్రిడ్జికి పోయాడు.

సొంత ఊరు వదలడం ఎట్లుంటుందో మనకు తెలుసు. హాస్టలుకు వచ్చిన మొదటి రోజు అందరం ఏడ్చినవాళ్ళమే. మనకైతే సెలవులకు ఇల్లు ఉంది. ఆయనకు ఆ దేశంలో పని చేసుకునే చోటే లేకుండా పోయింది.

కేంబ్రిడ్జిలో సాంగర్ ఆయనకు ఒక సలహా ఇచ్చాడు. ఇప్పటి దాకా చేసిన పని పక్కన పెట్టి, యాంటీబాడీల మీద పని చేయమన్నాడు. మిల్‌స్టీన్ సరేనన్నాడు. అప్పుడు ఆయనకు దాదాపు 36 ఏళ్ళు. ఆ వయసులో మళ్ళీ అ ఆ ల నుంచి మొదలుపెట్టినట్టే కదా.

అసలు చిక్కు ఏమిటి

మన ఒంట్లోకి ఏదైనా రోగం పురుగు వస్తే, రక్తంలోని ఒక రకం తెల్ల కణాలు యాంటీబాడీలను తయారు చేస్తాయి. ఒక్కో కణం ఒక్క రకం యాంటీబాడీనే చేస్తుంది. తాళానికి తాళంచెవి లాగా ఆ యాంటీబాడీ ఒక్కదాన్నే పట్టుకుంటుంది. కానీ రక్తంలో లక్షల రకాలు కలిసి ఉంటాయి. మన పోడులో సామలు, కొర్రలు, జొన్నలు అన్నీ ఒకే గంపలో కలిసిపోతే, చీకట్లో కూర్చొని ఒక్క కొర్ర గింజలే ఏరమంటే ఎట్లా? అట్లా ఉంది శాస్త్రవేత్తల పని. పోనీ యాంటీబాడీ చేసే ఒక్క కణాన్ని బయటికి తీసి పెంచుదామంటే, అది ఒంటి బయట కొద్ది రోజులకే చచ్చిపోతుంది.

కానీ ఒక కణం బయట కూడా చావదు. అదే క్యాన్సర్ కణం. దానికి పెరగడం తప్ప ఆగడం తెలియదు.

ఇద్దరి పని

1974లో జార్జ్ కోలర్ అనే జర్మనీ యువకుడు మిల్‌స్టీన్ దగ్గరికి వచ్చాడు. అతనికి 28 ఏళ్ళు. అంతకు ముందు స్విట్జర్లాండులో మిల్‌స్టీన్ ఉపన్యాసం విని, ఈయన దగ్గరే పని చేయాలని వచ్చాడు. దీనిని పోస్ట్ డాక్టరల్ ఉద్యోగం అంటారంట. డాక్టరేట్ అయిపోయినాక కూడా ఇంకో పెద్దాయన దగ్గర రెండేళ్ళో మూడేళ్ళో చిన్న జీతానికి చేరి పని నేర్చుకోవడం. మా ఊళ్ళో చెట్టు ఎక్కడం వచ్చినవాడు కూడా, జీలుగు కల్లు గీయడంలో చెయ్యి తిరిగిన ముసలాయన వెంట కొన్నాళ్ళు తిరుగుతాడు. ఎక్కడం రావడం వేరు, గీయడం రావడం వేరు. ఇదీ అట్లాంటిదే అని నాకు అర్థమైంది.

వాళ్ళిద్దరూ ఒక ఆలోచన చేశారు. యాంటీబాడీ చేసే కణం చచ్చిపోతుంది. క్యాన్సర్ కణం చావదు. రెండింటినీ కలిపి ఒకే కణం చేస్తే? అది యాంటీబాడీ చేస్తూనే ఉండాలి, చావకుండా ఉండాలి.

గొర్రె రక్తకణాలను ఎలుకకు ఎక్కించారు. ఎలుక ప్లీహంలో వాటికి యాంటీబాడీలు చేసే కణాలు పుట్టాయి. ఆ కణాలను తీసి ఎలుక క్యాన్సర్ కణాలతో కలిపారు. కొన్ని అతుక్కొని ఒకటయ్యాయి. చాలా కణాలు కలవలేదు. కలిసినవాటిని ఎట్లా వేరు చేయాలి? ఇక్కడ మన తెలుగాయన ఒకరు కనిపిస్తారు చూడండి.

కణం పెరగాలంటే దానికి కావలసిన సరుకు రెండు దారుల్లో వస్తుంది. ఒకటి పెద్ద రోడ్డు, ఒకటి కాలిబాట అనుకోండి. అమినోప్టెరిన్ అనే మందు వేస్తే పెద్ద రోడ్డు మూసుకుపోతుంది. వాళ్ళు తీసుకున్న క్యాన్సర్ కణాలకు కాలిబాట ముందే లేదు. కాబట్టి అవి చస్తాయి. కలవని ప్లీహం కణాలు ఎట్లాగూ కొద్ది రోజులకు చస్తాయి. కలిసిన కణం మాత్రం ప్లీహం కణం నుంచి కాలిబాట తెచ్చుకుంది కాబట్టి బతుకుతుంది. ఆ అమినోప్టెరిన్ మందు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఎల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలో తయారైంది. ఆయన 1895లో భీమవరంలో పుట్టాడు. మెట్రిక్ మూడోసారికి పాసయ్యాడు. 1948లో చనిపోయాడు. ఆ తర్వాత 26 ఏళ్ళకు ఆయన మందు కేంబ్రిడ్జిలో పనికి వచ్చింది. పదో తరగతి తప్పినవాళ్ళు ఎవరూ ఏడవకండి అక్కలారా.

బతికిన కణాలు నిజంగా యాంటీబాడీ చేస్తున్నాయా లేదా అని చూడాలి. గొర్రె రక్తకణాలు పరిచిన పళ్ళేల మీద వాటిని పెట్టారు. యాంటీబాడీ ఉంటే చుట్టూ ఎర్రదనం పోయి వలయం లాగా తేటగా కనిపించాలి. ఆ చలికాలం ఒక సాయంత్రం కోలర్ ఒక్కడికే విసుగని భార్యను తోడు తీసుకొని ల్యాబు కింది గదిలోకి పోయి చూశాడు. పళ్ళేల నిండా వలయాలే. సంతోషం పట్టలేక కేక పెట్టాడంట.

1975 ఆగస్టు 7న నేచర్ అనే పత్రికలో ఈ సంగతి అచ్చయింది. మూడే మూడు పేజీలు. ఒక్క గింజ నాటితే చేను నిండా అదే పంట వచ్చినట్టు, ఒక్క కణం నుంచి వచ్చినవన్నీ ఒకే యాంటీబాడీ చేస్తాయి. వాటికి మోనోక్లోనల్ యాంటీబాడీలు అని పేరు. ఆ తర్వాత కొన్ని నెలలు ఆ ప్రయోగం మళ్ళీ చేస్తే రాలేదు. ఎంత చేసినా కణాలు చచ్చిపోయాయి. చివరికి చూస్తే, కణాలకు పోసే ద్రావణాల్లో ఒకటి విషమై ఉంది. అది మార్చినాక మళ్ళీ వచ్చింది. లెక్క తప్పితే పుస్తకం విసిరేసే నా లాంటివాళ్ళు ఇది గుర్తు పెట్టుకోవాలి.

అమ్ముకోలేదు

కొత్త దారి కనిపెడితే పేటెంట్ తీసుకోవచ్చు. అంటే ఎవరు వాడినా మాకు డబ్బు కట్టాలని హక్కు రాయించుకోవడం. మిల్‌స్టీన్ ఈ సంగతి తన పైవాళ్ళకు తెలిపాడు. కానీ అక్కడి ప్రభుత్వ కార్యాలయం వాళ్ళు, దీనితో వెంటనే వచ్చే ఉపయోగం ఏమీ కనిపించడం లేదని రాశారు. పేటెంట్ తీసుకోలేదు. మిల్‌స్టీన్ తన దగ్గరి కణాలను అడిగిన శాస్త్రవేత్తలకు పంపించాడు. వీటితో చేసిన వాటికి పేటెంట్ తీసుకోవద్దని కోరాడు. అందరూ ఆ మాట వినలేదు. కానీ ఆయన దారి మాత్రం అందరిదీ అయింది. ప్రపంచంలో ఎక్కడెక్కడి ల్యాబుల్లోనో వాడుకున్నారు.

1984లో మిల్‌స్టీన్, కోలర్, నీల్స్ జెర్నే ముగ్గురికీ వైద్యంలో నోబెల్ బహుమతి వచ్చింది.

క్యాన్సర్ మందు

ఎలుక యాంటీబాడీని మనిషికి ఎక్కిస్తే, మన ఒళ్ళు దాన్ని పరాయిదని తరిమేస్తుంది. అదే ప్రయోగశాలలో గ్రెగ్ వింటర్ అనే ఆయన 1986లో దీనికి ఉపాయం చూపించాడు. మనం మామిడికి అంటు కడతాం కదా. అట్లా మనిషి యాంటీబాడీకి ఎలుక యాంటీబాడీ కొసలను, అంటే పట్టుకునే భాగాలను మాత్రమే అంటు కట్టాడు. ఆయనకు 2018లో నోబెల్ వచ్చింది.

1997లో అమెరికాలో రిటక్సిమాబ్ అనే మందుకు అనుమతి ఇచ్చారు. ఇది ఒక రకం రక్త కణాల క్యాన్సరుకు. 1998లో ట్రాస్టుజుమాబ్ కు అనుమతి వచ్చింది. ఇది కొందరికి వచ్చే రొమ్ము క్యాన్సరుకు. 2007లో హైదరాబాదు కంపెనీ డాక్టర్ రెడ్డీస్ రిటక్సిమాబ్ లాంటి మందునే రెడిటక్స్ పేరుతో తక్కువ ధరకు తెచ్చింది. క్యాన్సర్ కణాన్ని వాడుకొని చేసిన దారే క్యాన్సరుకు మందు అయింది. ఇది చదివినప్పుడు నేను పుస్తకం మూసి చాలాసేపు ఊరికే కూర్చున్నాను.

ఎందుకో చెబుతాను. ఇది రాయడానికి మా అమ్మను అడిగాను. రాయమన్నది.

మా పెద్దమ్మ మొన్న ఎండాకాలం చనిపోయింది. నేను 7వ తరగతి సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు వాగు దగ్గర స్నానం చేస్తూ తన రొమ్ములో ఒక గడ్డ చూపించింది. నొప్పి లేదన్నది. ఎవరికీ చెప్పొద్దు, సిగ్గు అన్నది. నేను చెప్పలేదు. చదువుకునేదాన్ని కాబట్టి నాకు చూపించింది. కానీ అది ఏమిటో నాకు తెలియదు. వెజ్జు దగ్గర ఆకు పసరు కట్టించుకుంది. ఏడాదిన్నర తర్వాత పట్నం ఆసుపత్రికి తీసుకుపోతే, ముందే వస్తే బాగుండేది అన్నారు. ఎద్దులు అమ్మారు. అయినా దక్కలేదు.

మిల్‌స్టీన్ పేటెంట్ తీసుకోకపోయినా ఆ మందులు అన్నీ మన గూడేలకు చవకగా రాలేదు. ఇది కూడా నిజం. మందు చేయడానికి చాలా ఖర్చు అని సైన్సు మేడమ్ చెప్పారు. కానీ మందు ఎంత మంచిదైనా, గడ్డ సంగతి బయటికి రాకపోతే ఎవరూ ఏమీ చేయలేరు. అందుకని అక్కలారా, చెల్లెళ్ళారా, మీ ఒంట్లో గానీ, మీ అమ్మ, అత్త, అవ్వ ఒంట్లో గానీ కొత్త గడ్డ కనిపిస్తే నొప్పి లేకపోయినా దాచొద్దు. గడ్డలన్నీ క్యాన్సర్ కాదు. భయపడొద్దు. కానీ వార్డెన్ మేడమ్ కో, నర్సమ్మకో ఆ రోజే చెప్పండి. నేను చెప్పని మాట మీరు చెప్పండి.

చివరి రోజులు

జార్జ్ కోలర్ 1995 మార్చి 1న, 48 ఏళ్ళకే చనిపోయాడు. మిల్‌స్టీన్ తన పని విడవలేదు. చివరి దాకా కేంబ్రిడ్జిలోనే పరిశోధన చేశాడు. 2002 మార్చి 24న 74 ఏళ్ళ వయసులో చనిపోయాడు. గుండె జబ్బు. సీలియా కూడా శాస్త్రవేత్తగా పని చేసి, చివరి దాకా ఆయనకు తోడుగా ఉంది.

ఈ జీవితం వలన నేను నేర్చుకున్నది ఇది. క్లాసు ఫస్టు రాకపోయినా ఫరవాలేదు. డబ్బులు లేకపోతే సగం పూట పని చేసుకొని అయినా చదవొచ్చు. అన్యాయం జరిగితే కుర్చీ పట్టుకొని వేలాడకూడదు. తెలిసిన దాన్ని నలుగురికీ పంచాలి. పాముల కథ చెప్పిన బంధువుకు, ఆ పిల్లవాడు ఏం చేస్తాడో అప్పుడు ఏం తెలుసు? మా ఇంట్లో హైస్కూలు మెట్టు ఎక్కింది నేనే మొదట. పదో తరగతి అయినాక చాల్లే అని మా అయ్య అంటున్నాడు. ఈ సంక్రాంతి సెలవుల్లో ఆయనకు ఈ కథంతా మా కోయ మాటల్లో చెబుతాను. యాంటీబాడీకి మా భాషలో మాట లేదు. గింజ అని చెబుతాను. ఒక్క గింజ, చేను నిండా అదే పంట అంటే మా అయ్యకు బాగా అర్థమవుతుంది.

తప్పులుంటే క్షమించండి. అక్షర దోషాలు ఉంటే పెన్సిలుతో దిద్దండి, పెన్నుతో వద్దు.

ఇట్లు,
మీ తోటి విద్యార్థిని,
9వ తరగతి